వగరు దారి: పుట్టపాక నుంచి ముడుమాల్ దాకా

శుక్రవారం, పుట్టపాక

హోలీ వెళ్ళిన వారం. మా వదిన గవర్నమెంట్ బడిలో డ్రాయింగ్ చెప్తుంది, నాకు వంటింట్లో కషాయాలు, షర్బత్‌లు కాచే పిచ్చి. దక్షిణ తెలంగాణలో ఆగిన ప్రతి చోటా అక్కడి చెట్టుదో తీగదో ఒక తాగేది తాగాలి, దాంతోనే లేదా దాని పక్క చెట్టుతో ఒక బొమ్మ వెయ్యాలి అని బయల్దేరాం. వదిన సంచిలో నీటిరంగుల కాగితాలు, పటిక పొడి, ఇంకో సీసా. ఆ సీసాలో తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్ళు కలిపి మూడు వారాలు నానబెట్టింది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు నలుపుకి వాడేది దాదాపు ఇదే. వగరున్న ఏ రసమైనా కాగితం మీద పూసి ఈ ఇనుప నీళ్ళు ఒక చుక్క వేస్తే నల్లబడుతుంది. ఎంత వగరుంటే అంత నలుపు. కాబట్టి తాగిన ప్రతిదాన్నీ ఒక గీత గీసి, చివర చుక్క పెట్టి, ఊరి పేరు రాయాలని అనుకున్నాం. ప్రయాణం మొత్తానికి ఆ ఒక్క కాగితం చాలు.

చౌటుప్పల్ దాటి సంస్థాన్ నారాయణపురం వైపు తిరగ్గానే తాళ్ళు మొదలవుతాయి. రోడ్డు పక్కనే ఒక గౌడన్న చెట్టెక్కే మోకు, ముత్తాదు భుజాన వేసుకుని చెట్టు దిగుతున్నాడు. కల్లు కాదన్నా, నీరా ఉంటే పొయ్యమని అడిగాం. "పొద్దుగాల రావాలె అక్కా, ఎండెక్కినంక అది కల్లే" అన్నాడు. లొట్టి (కల్లు కుండ) లోపల సున్నం పూసి కడితే పులవకుండా ఉంటుంది, ఆ లొట్టి ఒకటి తమ్ముడి కోసం పక్కన పెట్టాడంట, అందులోంచే తాటాకు రేకలో పోశాడు. చల్లగా, తియ్యగా, చివర్లో కొంచెం ఉప్పదనం. డబ్బులు తీసుకోవడానికి చాలాసేపు ఒప్పుకోలేదు. దీనికి ఇనుప చుక్క వేస్తే రంగే మారలేదు. ఇందులో వగరు లేదు మరి. మా కాగితం మీద మొదటి గీత అలా తెల్లగానే ఉండిపోయింది, వదినకి అది చాలా నచ్చింది.

పుట్టపాకలో తేలియా రుమాలు నేసే ఇంటికి వెళ్ళాం. ఈ ఊరి తేలియాకి 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఊరికి చెందిన గజం గోవర్ధన్ గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది కూడా ఈ నేత వల్లే. చాలామంది అక్కడ డిజైన్ చూసి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు, నాకు మాత్రం నూలు తయారు చేసే పనే అసలు విషయం అనిపించింది. ఆముదం కాయల పొట్టు కాల్చి, ఆ బూడిదని నీళ్ళలో కలిపి తేర్చి, ఆ నీళ్ళలో నూనె కలిపి నూలుని నానబెడతారు, పిండుతారు, ఎండబెడతారు, మళ్ళీ నానబెడతారు. రోజుల తరబడి ఇదే పని. అప్పుడే ఎరుపు నూలు లోపలి దాకా దిగి పట్టుకుంటుంది. ఒకప్పుడు ఈ రుమాళ్ళు అరబ్బు దేశాలకి తలగుడ్డలుగా వెళ్ళేవి, ఎండలో తలకి చల్లగా ఉంటాయని. ఆముదం నల్లగొండ, పాలమూరు మెట్ట చేలల్లో పండే పంట, నీళ్ళు తక్కువున్నా నిలబడుతుంది. ఈ నేలలో పండినదాని బూడిదతోనే ఈ నేల రంగు నిలుస్తోంది. చేత్తో పట్టుకుంటే ఆ గుడ్డకి ఇప్పటికీ నూనె వాసన వస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వదల్లేకపోయాను.

వాళ్ళింట్లో మాకు పచ్చిపులుసు పెట్టారు. అన్నంలో కలుపుకునేది కదా అని చూస్తుంటే, ఆ ఇంటి పెద్దమ్మ గ్లాసులో పోసి "తాగుండ్రి, ఎండలకెళ్ళి వచ్చిన్రు" అంది. కొత్త చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొంచెం బెల్లం. గ్లాసులో తాగితే దాని రుచి వేరు.

శనివారం, మర్రిగూడ మీదుగా దేవరకొండ

ఇక్కడ తాగేవాటి గురించి రాస్తూ నీళ్ళ గురించి రాయకపోతే తప్పు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. నడుము వంగి, మోకాళ్ళు వంకరపోయిన మనుషులు ఇప్పటికీ కనిపిస్తారు, అది వాళ్ళు చిన్నతనంలో తాగిన నీళ్ళ వల్లే. ప్రపంచంలో ఫ్లోరైడ్ తీసే పద్ధతుల్లో ఒకదానికి మన నల్లగొండ పేరే ఉంది, నాగపూర్ నీరి సంస్థ వాళ్ళు తయారు చేసింది, పటిక, సున్నం నీళ్ళలో కలిపి తేర్చడం. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ (ఇంటింటికీ నల్లా నీళ్ళ పథకం) పైలాన్ పెట్టింది కూడా ఈ జిల్లా బాధ తెలిసే. ఇప్పుడు ఊళ్ళలో నల్లా ఉంది. అయినా ఒక హోటల్లో నీళ్ళ గ్లాసు పెట్టగానే పక్క టేబుల్ పెద్దాయన, అడగకుండానే, "అది కృష్ణ నీళ్ళే, తాగుండ్రి" అన్నాడు. బయటి ఊరివాళ్ళు భయపడతారని ఆయనకి తెలుసు. ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు కాసేపు.

అద్దకంలో గుడ్డకి రంగు పట్టించేది పటికే, ఇక్కడ నీళ్ళలోంచి విషాన్ని పట్టి లాగేదీ పటికే. వదిన ఆ రోజు ఇంకేం వెయ్యలేదు. మర్రిగూడ బయట ఆలస్యంగా పూసిన మోదుగ చెట్టు కింద రాలిన పూలు ఏరుకుంది, రాత్రి నానబెట్టింది, పొద్దున పటిక వేస్తే నీళ్ళు మండుతున్న పసుపు రంగుకి తిరిగాయి. ఆ రంగుతో కాగితం మొత్తం తడిపి, మధ్యలో ఒక చేతిపంపు వేసింది. ఇప్పటిదాకా ఆమె వేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ అదే. మోదుగ నీళ్ళని మేం తాగలేదు, అది రంగుకే వాడుకున్నాం.

దేవరకొండ చేరేసరికి సాయంత్రం. పద్మనాయక రాజుల దుర్గం, కొండల మధ్య గోడలు మైళ్ళ కొద్దీ సాగుతాయి. ఈ కాలంలో సీతాఫలం పొదలు ఆకు రాల్చేసి కట్టెల్లా నిలబడి ఉంటాయి, పచ్చగా కనిపించేది తంగేడు ఒక్కటే, అక్కడక్కడ పూలు కూడా. బతుకమ్మకి బుట్టలకొద్దీ కోసే పువ్వే అయినా ఒక గుప్పెడు తీసుకోవడానికి కూడా కింద టీ కొట్టు అక్కని అడిగాం, ఆమె నవ్వి "తంగేడు పువ్వుకి ఎవరన్నా అడుగుతరా" అంది. ఆమె పొయ్యి మీదే నీళ్ళు మరిగించి, దించాక పూలు వేసి, మూత పెట్టి, బెల్లం లేకుండా తాగాం. పసుపు రంగు, మెంతుల్లాంటి సన్నటి చేదు, ఆ తర్వాత వగరు నాలుక పక్కల నుంచి మెల్లగా పైకి వస్తుంది. ఇనుప చుక్క పడగానే గీత చివర ఆలివ్ రంగుకి తిరిగి ఇంకా ముదురుతూ పోయింది. తంగేడు బెరడుతో తోళ్ళు పదును పెట్టేవాళ్ళు. ఆ పని చేసిన వగరే పూలలో కొంచెం పల్చగా ఉందనుకుంటా. టీ కొట్టు అక్క కూడా ఒక గుటక తాగి చూసి "మా అవ్వ చక్కెర బీమారికి తాగేది" అంది. అది పనిచేస్తుందా లేదా అనే సంగతి నేను చెప్పను, రుచి మాత్రం బాగుంది.

ఆదివారం, మన్ననూర్

డిండి రిజర్వాయర్ దగ్గర శ్రీశైలం హైవే ఎక్కి, హాజీపూర్ చౌరస్తా దాటితే గాలి మారుతుంది. మన్ననూర్ చెక్‌పోస్ట్ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, అడవి జంతువుల కోసం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇక్కడి నుంచే. అడవిలో మనలాంటి బయటి వాళ్ళు ఏదీ తెంపకూడదు, ఏరకూడదు, అది చట్టం. చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం చెంచులది, తరతరాలుగా వాళ్ళదే కూడా. అందుకని ఇక్కడ మేం ఏదీ ఏరలేదు, ఏరినవాళ్ళ దగ్గర కొన్నాం, కూర్చుని విన్నాం. ఇది నియమం కోసం చెప్పట్లేదు. చెంచు మనిషి చేతి మీదుగా రాకపోతే అడవి రుచి సగమే తెలుస్తుందని నాకు గట్టి నమ్మకం, ఎందుకంటే ఎప్పుడు తీయాలి, ఎంత వదలాలి అనేది కూడా ఆ రుచిలో భాగమే.

హైవే కొట్లలో నన్నారి షర్బత్ సీసాలు వరసగా ఉంటాయి. చాలావాటిలో ఎసెన్స్, రంగు. చెంచు పెంట (వాళ్ళ గూడెం) నుంచి వచ్చిన ఒక అవ్వ దగ్గర అసలు గడ్డలు కొన్నాం, మారేడు గడ్డలంటారు, వేలు లావు వేర్లు, గోటితో గీకితే వెనిలా, చందనం కలిసినట్టు ఒక వాసన. లోపల పుల్లలాంటి ఈనె ఉంటుంది, దంచి దాన్ని తీసేసి పైకండనే మరిగించాలి. ఆమె చేసే పద్ధతి చూశాం. ఎక్కువ మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది కాబట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున సన్నటి మంట మీద కాసేపే పెట్టి, బెల్లం వేసి దించింది. నిమ్మకాయ పిండింది. సోడా లేదు, ఐసు లేదు, కుండ నీళ్ళు. నేను హైదరాబాద్‌లో తాగిన ఏ నన్నారీ దీని దరిదాపుల్లోకి రాదు.

ఆమెని అడిగాను, వేరు తవ్వితే తీగ చచ్చిపోతుంది కదా అవ్వా అని. "మొత్తం తవ్వితె చస్తది బిడ్డా. ఒక పక్క తియ్యాలె, మన్ను కప్పాలె, మళ్ళ ఆ తీగ దగ్గరికి పోవద్దు రెండు మూడేండ్లు. ఇప్పుడు యాపారం వచ్చినంక ఎవరు ఆగుతున్నరు" అంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి టన్నుల్లో అడిగేవాళ్ళున్నారు, ఊరగాయకీ, షర్బత్‌కీ. కొట్లో నన్నారి కొనేవాళ్ళు, అసలు గడ్డదే కావాలనుకుంటే, కొంచెం కొని గౌరవంగా వాడండి. దీని గురించి నాకు నిజంగా బెంగగా ఉంది.

సోమవారం, మన్ననూర్‌లోనే

ఒక రోజు అనుకున్నది ఇంకో రోజు ఉండిపోయాం. ఇప్పపూలు రాలడం అప్పుడే మొదలైంది. తెల్లారకముందే పిల్లలు, ఆడవాళ్ళు చెట్ల కింద ఉంటారు, ఎండ తగిలితే పువ్వు వాడిపోతుంది, జింకలూ ఎలుగుబంట్లూ కూడా అదే పువ్వు కోసం వస్తాయి కాబట్టి గుంపుగా వెళ్తారు. సారాయి అనగానే అందరికీ ఇప్పపూలే గుర్తొస్తాయి గానీ, అవ్వ ఇంట్లో తాగింది సారా కాదు. ఎండబెట్టిన పోయినేటి పూలు కడిగి, నీళ్ళలో మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళు వడగట్టి వేడిగా ఇచ్చింది. చక్కెర వెయ్యలేదు, అవసరం రాలేదు. ఎండుద్రాక్ష తీపి, వెనక కొంచెం పొగ వాసన, ఆ వాసన పువ్వుదా, పొయ్యిదా తెలీదు.

తర్వాత మాటల్లో చింతపండు సంగతి వచ్చింది. తిండి దొరకని రోజుల్లో చింతపండులో బూడిద కలుపుకుని తినేవాళ్ళమంది. పులుపుని బూడిద చంపుతుంది, అంతే లెక్క. 1940ల్లో చెంచుల మధ్య ఉండి వాళ్ళ గురించి రాసిన ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెండార్ఫ్ కాలం నాటి తిండి ఇది. వదిన నా వైపు చూసింది. పుట్టపాకలో ఆముదం బూడిద నూలుకి చేసిన పని, ఇక్కడ ఈ బూడిద నాలుకకి చేసింది.

ఆమె గుడిసెలో ఒక కుండ లోపల గోడకి ఏదో గింజ రుద్దుతుంటే అడిగాం. చిల్లగింజ. వాన నీళ్ళు, వాగు నీళ్ళు మడ్డిగా ఉంటే, ఆ గింజని కుండ లోపల అరగదీసి నీళ్ళు పోసి ఒక రాత్రి ఉంచితే మన్నంతా అడుగుకి దిగిపోతుంది. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్ళు చెంచుల దగ్గర తేనె, తపసి బంక, తిరుమాను బంకతో పాటు ఈ గింజలు కూడా కొంటారు. మర్రిగూడలో పటిక, ఇక్కడ చిల్లగింజ, నీళ్ళని తేర్చడం అనేది ఈ దక్షిణ జిల్లాల్లో ఎంత పాత పనో! వదిన పక్క చెరువు నుంచి ఒక గ్లాసు మడ్డి నీళ్ళు తెచ్చి పరీక్ష చేసింది. మర్నాడు పొద్దున పైన తేట, కింద ఎర్ర మన్ను. ఆ మన్ను పారబొయ్యకుండా ఎండబెట్టి తిరుమాను బంక నీళ్ళలో నూరింది. చేర్యాల నకాశీ బొమ్మల వాళ్ళు రంగుల్లో కలిపేది ఈ తిరుమాను బంకనే, రంగు ఊడిపోకుండా. అవ్వ ఇంటి గోడకి పూసిన జాజు కూడా ఇలాంటి ఎరుపే. ఆ మన్నుతో వదిన ఆమె చేతులు వేసింది, గింజ రుద్దుతున్న చేతులు. మొహం వెయ్యమంటే అవ్వ వద్దంది. బొమ్మ ఆమెకే ఇచ్చేశాం, మా దగ్గర ఫోటో కూడా లేదు.

మధ్యాహ్నం పచ్చి తునికి కాయ ఒకటి కొరికాను. ఏప్రిల్, మే వస్తే పండి తేనెలా ఉంటుంది, ఇప్పుడు మాత్రం నోరంతా బిగదీసుకుపోయింది, మాట రాలేదు కాసేపు. అది కూడా ఒక గీత గీసి ఇనుప చుక్క వేశాం. చుక్క పడిన క్షణంలో బొగ్గు నలుపు.

మంగళవారం

నాగర్‌కర్నూల్, వనపర్తి, ఆత్మకూరు. ఎండ, రోడ్డు, రెండు చోట్ల పంక్చర్ షాపు. వనపర్తి దగ్గర బస్టాండులో మారేడు పండు షర్బత్ ఒకటి తాగాం (ఇది బిల్వ పండు, మన్ననూర్ మారేడు గడ్డ వేరు), గింజలు తీసి పిసికి బెల్లం కలిపినది, చిక్కగా ఉంది. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు. రాత్రి మక్తల్.

బుధవారం, ముడుమాల్

ఇక్కడికొచ్చేసరికి నేల మారిపోయింది. కృష్ణ ఒడ్డు, నల్లరేగడి, జొన్న కోసేసిన చేలు, మాటల్లో కన్నడ. నిలురాళ్ళు పొలాల మధ్య నిలబడి ఉంటాయి, పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు, మూడు వేల ఏళ్ళ పైబడిన రాళ్ళు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు చెక్కి ఉంటాయి, సప్తర్షి మండలం అంటారు. రాయి మీద గుంటలతో ఆకాశాన్ని వేసినవాళ్ళు ఏం తాగేవాళ్ళో, ఏ కాయ కొరికి మొహం ముడుచుకునేవాళ్ళో అని నేను చాలాసేపు ఆలోచించాను. ఊరివాళ్ళు ఆ రాళ్ళని నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతారు, గొప్ప సంగతి ఏంటంటే పురావస్తు బోర్డు కంటే అలా మొక్కడమే వాటిని ఎక్కువ కాపాడింది.

పొలం కాపలా ఉన్న పెద్దాయన ఇంట్లో జొన్న అంబలి. ముందు రోజు కాచి, రాత్రి పులియబెట్టి, పొద్దున మజ్జిగ, ఉల్లిగడ్డ, ఉప్పు. ఒక చెంబు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి లేదు. ఇది ఏరి తెచ్చిన చెట్టుది కాదు, పండించింది, అయినా ఈ కాగితం మీద దానికి గీత లేకపోతే పాలమూరు రాసినట్టు కాదు. చుక్క వేస్తే లేత బూడిద రంగు.

నల్లరేగడి గట్ల మీద నల్ల తుమ్మలు. రాలిన కాయలు గుప్పెడు ఏరి, అదే ఇంటి పొయ్యి మీద ఉడికించాం, ఎర్రటి చారు దిగింది. ఇనుప నీళ్ళు కలపగానే మంచి సిరా. వదిన ఆ సిరాతో నిలురాళ్ళు వేసింది, పొడవాటి నల్ల గీతలు. పెద్దాయన మనవడు తొమ్మిదో తరగతి, వాడికీ ఒక పుల్ల, కాగితం ఇచ్చాం, వాడు రాళ్ళు వెయ్యలేదు, గుంటలు వేశాడు, ఏడు, సప్తర్షుల్లాగానే. ఇంకొన్ని కాయలు ఏరి బడికి తీసుకెళ్తానన్నాడు, సిరా ఎలా చెయ్యాలో వదిన వాడి నోట్‌బుక్‌లో రాసిచ్చింది: కాయలు దంచి గంట ఉడికించు, గుడ్డలో వడకట్టు, తుప్పు మేకులు వేసి ఒక రోజు ఉంచు, చివర తుమ్మ బంక కొంచెం.

గురువారం, తిరుగు దారి

మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూసి వెళ్దామనుకున్నాం. ఏడు వందల ఏళ్ళ చెట్టని చెప్తారు, మూడెకరాల పైన పరుచుకుంది. 2017లో చెదలు పట్టి ఒక పెద్ద కొమ్మ విరిగింది, తర్వాతి ఏడాది కొమ్మలకి సెలైన్ సీసాల్లా మందు వేలాడదీసి ఎక్కించారు. ఇప్పుడు దూరం నుంచి చూడాలి. ఆకు కూడా ముట్టుకోలేదు, వదిన మిగిలిన తుమ్మ సిరాతో ఊడలు వేసింది.

మీరెవరైనా వెళ్ళేట్టయితే: మోదుగ పూలకి ఫిబ్రవరి, మార్చి. ఇప్పపూలకి మార్చి చివర, ఏప్రిల్. తునికి పండ్లకి ఏప్రిల్, మే. బాలానగర్ సీతాఫలాలకి, గునుగు, తంగేడు పూలకి బతుకమ్మ రోజులు, మా తర్వాతి ప్రయాణం అప్పుడే. తెలియని కాయ, వేరు ఏదీ మీ అంతట మీరు నోట్లో పెట్టుకోకండి, ఊళ్ళో అడగండి. మన్ననూర్‌లో గడ్డలు, తేనె కొనేటప్పుడు బేరం ఆడకండి. రాత్రి చెక్‌పోస్ట్ టైము చూసుకుని బయల్దేరండి, పెట్రోలు అచ్చంపేటలోనే పోయించుకోండి.